అందరూ వచ్చినట్టే

ఏప్రిల్ నెల రెండో మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. కోరుట్లలో విత్తనాల దుకాణం పైనున్న హాల్లో మా కుట్టు సంఘం నెల సమావేశం. అధ్యక్షురాలు కుర్చీలో కూర్చుని, ఫ్యాను తన వైపు తిప్పించుకుని, "అందరు అచ్చినట్టేనా?" అని అడిగింది. చాపల మీద కూర్చున్నవాళ్ళంతా ఒక్క గొంతుతో "అచ్చినం" అన్నారు.

ఆ జవాబంటే నాకు మొదటినుంచీ పడదు. హాజరు అడిగితే ఎవరి మాట వాళ్ళు చెప్పాలి. బడిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. ఇరవై మంది కలిసి వచ్చామన్నప్పుడు రానివాళ్ళు కూడా ఆ మాటలో దూరి కూర్చుంటారు. ఈ ముక్క ఆ సంఘంలో నేను చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా తలలూపారు. మరుసటి నెల మళ్ళీ "అచ్చినం".

నేను సంఘం సభ్యురాలిని కాను. జగిత్యాలలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి, ముప్పై ఒక్క సంవత్సరాల తర్వాత సూపరింటెండెంటుగా దిగాను. అక్కడ ఏ కమిటీ కూర్చున్నా మినిట్స్ రాసే పని నాదే. రిటైరయ్యాక కోరుట్లకు వచ్చాను. అధ్యక్షురాలిది మా వీధే. జాకెట్లు కుట్టి పిల్లలను పెంచుకుని, తర్వాత నలుగురిని పోగేసి ఈ సంఘం పెట్టిన మనిషి. ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, మూడు చోట్లా కుట్టు కేంద్రాలున్నాయి. కుట్టేవి బడిపిల్లల యూనిఫాంలు. మూడు కేంద్రాల నుంచి కలిపి ఇరవై ముగ్గురు ఆడవాళ్ళ కమిటీ ఒకటి ఉంది. అది నెలకొక ఊళ్ళో కూర్చుంటుంది.

మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆమె పాత మినిట్స్ పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చి, ఆడిట్ ఆయన కోప్పడ్డాడని చెప్పింది. తీసి చూశాను. "సమావేశం మంచిగా జరిగినది. అందరు మాట్లాడినారు. సమస్యలు పరిష్కరించినారు. టీ, సమోసా ఇచ్చినారు." ప్రతి నెలా ఇదే. ఒక నెల సమోసాకు బదులు మిర్చి అని ఉంది. తేడా అంతే. ఏ సమస్య, ఎవరు పరిష్కరించారు, ఎట్లా అని అడిగితే ఆమె, "గప్పుడు మంచిగనే అయింది గదమ్మా" అన్నది.

అట్లా ఆ పని నా నెత్తిన పడింది. బస్సు ఖర్చులు, ఒక టీ ఇచ్చి పెట్టుకున్నారు. నేను పెద్దగా ఏమీ కోరలేదు. ఏ విషయం మీద మాట్లాడారు, ఏం నిర్ణయించారు, ఆ పని ఎవరు చేయాలి, ఏ తారీఖులోగా చేయాలి. ఎవరు ఎంత బాగా మాట్లాడారో, ఎవరికి కళ్ళనీళ్ళు వచ్చాయో నాకు అక్కరలేదు. సమావేశం ముగిసిన మూడో రోజుకల్లా రాసి మూడు కేంద్రాలకూ పంపేదాన్ని. నెల దాటాక రాస్తే జరిగింది జ్ఞాపకం రాదు, మనకు నచ్చింది వస్తుంది.

సిరిసిల్ల కేంద్రం మేనేజరుకు ఇదంతా పాతకాలపు పని అనిపించేది. ముప్పై ఏళ్ళవాడు, మర్యాదస్తుడే. "మేడం, మీరెందుకు కష్టపడుతరు, ఫోన్ల రికార్డ్ చేస్త" అని ప్రతిసారీ ఫోను బల్ల మీద పెట్టేవాడు. రెండు గంటల రికార్డింగు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ వినలేదు. పెట్టినవాడూ వినలేదు.

ఆ ఏప్రిల్ మంగళవారం హాజరు కాగితం చాపల మీద తిరిగి నా దగ్గరికి వచ్చింది. ఇరవై మూడు సంతకాలున్నాయి. నేను తలలు లెక్కపెట్టాను. ఇరవై రెండు. ఒకరు తక్కువ ఉన్నారని పైకే చెప్పాను. ముందు వరుసలో ఒకామె, "మీరు మిమ్ముల లెక్కేసుకోలె అమ్మా" అన్నది. అందరూ నవ్వారు. నేను కలిస్తే ఇరవై మూడు అవుతుంది, నిజమే. కానీ నేను సభ్యురాలిని కాను, నాకు సంతకమూ లేదు, ఓటూ లేదు, నన్ను కలపకూడదు అని చెబుతుండగానే టీ వచ్చింది. టీ వచ్చాక ఆ హాల్లో ఏ లెక్కా నిలవదు. లెక్క సరిపోయిందన్న సంతోషంలో అందరూ గ్లాసులు అందుకున్నారు. "సంతకాలు ఇరవై మూడు" అని మాత్రం రాసుకున్నాను. "హాజరైనవారు ఇరవై మూడు" అని రాయమంటే రాయనన్నాను. రెండూ ఒకటే గదా అన్నది అధ్యక్షురాలు.

అసలు విషయం ఎండలు. సిరిసిల్ల కేంద్రానిది రేకుల షెడ్డు. మధ్యాహ్నం రెండు దాటితే ఇస్త్రీ పెట్టె ఎక్కడుందో, రేకు ఎక్కడుందో తెలియని వేడి. అందుకని పొద్దున తొమ్మిదిన్నరకు బదులు ఏడున్నరకే పని మొదలుపెట్టి, మూడున్నరకు విడిచిపెట్టాలన్నారు. మంచి ఆలోచనే. నాకు మాత్రం తారీఖులు కావాలి. ఎప్పటినుంచి అన్నాను. మే ఒకటి అన్నారు. ఆ రోజు సెలవు అని గుర్తు చేస్తే రెండు అన్నారు. ఎప్పటివరకు అన్నాను. ఎండలు తగ్గేదాకా అన్నారు. తగ్గినట్టు ఎవరు చెప్పాలి అంటే, వెనకనుంచి ఎవరో, "ఒంటికే తెలుస్తది గదమ్మా" అన్నారు. నాలుగుసార్లు అడిగినా తారీఖు పుట్టలేదు. "ఎండలు తగ్గే వరకు" అనే రాయాల్సి వచ్చింది. నా చేత్తో రాసినవాటిలో అంత వదులు వాక్యం ఇంకొకటి లేదు.

సంఘం నియమాల్లో ఒకటుంది. పనివేళలు మార్చాలంటే కమిటీలో ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి. ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళున్నారు గనుక మొదట్లోనే పెట్టుకున్న నియమం అది. చదివి వినిపించాను. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాను. ఎవరూ నోరు విప్పలేదు. ఏకగ్రీవం అయింది.

మే నెల సమావేశం జగిత్యాలలో. మామిడి లారీలు రోడ్డంతా నిండి, నా బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరింది. నేను వెళ్ళేసరికి ఇద్దరు సిరిసిల్ల సభ్యులు మెట్ల మీద కూర్చుని ఒకే గిన్నెలోంచి అటుకులు తింటున్నారు. ఒకామెది వీర్నపల్లి. సిరిసిల్ల కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క కాజా మిషను మీద నాలుగేళ్ళుగా కూర్చునేది ఆమే. చొక్కాకు గుండీ రంధ్రాలు వేసే మిషను అది. రంధ్రం ఒక్క నూలుపోగంత పక్కకు పోతే చొక్కా పనికిరాదు. అందుకని ఆ కుర్చీకి ఒక మర్యాద ఉంది. కొత్తవాళ్ళు ఆమెను "కాజక్కా" అనే పిలుస్తారు. రెండో ఆమెది ముస్తాబాద్. కాలర్లు కుడుతుంది. ఇద్దరూ ఒకే రోజు పనిలో చేరారు. ఒకరిని విడిచి ఒకరు ఉండరు.

కాజా పని ఎట్లా నడుస్తోందని ఊరికే అడిగాను. వీర్నపల్లి ఆమె గిన్నెలోకి చూస్తూ, ఇప్పుడు దారాలు కత్తిరిస్తున్నానని చెప్పింది. కుట్టిన చొక్కాలకు వేలాడే దారాల కొసలు కత్తిరించే పని. చేరిన కొత్తలో అందరికీ ఇచ్చే పని.

కారణం కొంచెం కొంచెంగా రాబట్టాను. వీర్నపల్లి నుంచి మొదటి బస్సు తొమ్మిదికి ముందు సిరిసిల్ల చేరదు. అంత పొద్దున ఒక్క మనిషి కోసం ఆటో కదలదు. భర్త దుబాయిలో ఉన్నాడు, బండి మీద దింపేవాళ్ళు లేరు. మే రెండు నుంచి ప్రతిరోజూ ఆమె గంటన్నర ఆలస్యం. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే కాజా మిషను వేరేవాళ్ళకు ఇవ్వాలని ఇంకొక నియమం. ఆమె వచ్చేదాకా చొక్కాలు ఆగిపోతాయి గనుక అదీ న్యాయమే. మొదటి వారంలోనే మేనేజరు మిషను సిరిసిల్ల ఆమె ఒకరికి ఇచ్చేశాడు. ఇచ్చేముందు ఏప్రిల్ మినిట్స్ చూపించి, మీరు కూడా ఒప్పుకున్నారు కదా, సంతకం ఉంది కదా అన్నాడట. ఉంది సార్ అని ఈమె ఒప్పుకుందట.

అప్పుడు నా లెక్క నాకు గుర్తొచ్చింది. ఇరవై రెండు తలలు.

"నువ్వు ఏప్రిల్ల కోరుట్లకు రానేలేదు గదా" అన్నాను.

ముస్తాబాద్ ఆమె గిన్నె మూత పెట్టి, చేతులు కడుక్కోవడానికి లేచిపోయింది.

లోపల సమావేశం మొదలైంది. "అచ్చినం" అన్నారు. ముందు నెల మినిట్స్ చదివి, తప్పులుంటే చెప్పమని అడగడం పద్ధతి. చదివాను. ఏమైనా సవరణలున్నాయా అని అడిగి వీర్నపల్లి ఆమె వైపు చూశాను. ఆమె చాప అంచు చూస్తోంది. రెండోసారి అడిగాను. అధ్యక్షురాలు, "అంత మంచిగనే ఉన్నదమ్మా, ముంగటికి పోండ్రి" అన్నది. మూడోసారి అడిగితే మేనేజరు గడియారం చూసుకున్నాడు. నేనే చెప్పవచ్చు కదా అని ఎవరైనా అనుకోవచ్చు. సభ్యురాలు కానిదాన్ని, సవరణ పెట్టే హక్కు నాకు లేదు. రాసేవాళ్ళు మాట్లాడటం మొదలుపెడితే ఇక ఆ రాత ఎవరిదో తెలియదు. ఆ గీత నేను ఉద్యోగంలో ఎన్నడూ దాటలేదు. ఆ రోజు దాటనందుకు ఒళ్ళు మండింది. ఏప్రిల్ మినిట్స్ ఆమోదం పొందాయి.

సమావేశమయ్యాక బస్టాండులో ఇద్దరినీ పట్టుకున్నాను. సిరిసిల్ల బస్సుకు ఇంకా టైముంది. బెంచీ మీద ఇద్దరి మధ్యా కూర్చుని, ఏం జరిగిందో చెప్పమన్నాను.

ఏప్రిల్ రెండో మంగళవారం వీర్నపల్లి ఆమె అత్తను కంటి ఆపరేషనుకు తీసుకుపోయింది. ముందురోజే స్నేహితురాలికి చెప్పింది. ముస్తాబాద్ ఆమె కోరుట్లకు వచ్చి తన సంతకమూ, ఈమె సంతకమూ తానే పెట్టింది. దాచలేదు. అది దాచాల్సిన పనని ఆమెకు తోచనే లేదు.

"దాంట్ల తప్పేమున్నదమ్మా? సావుకు పోతె ఇంటికొకలు పోతరు. ఇల్లంత అచ్చినట్టే గద. కుల పంచాయితికి గట్లనే పోతరు. నేనచ్చిన, ఆమె అచ్చినట్టే."

"ఇది సావు గాదు, పంచాయితి గాదు. పని జాగల మీటింగు."

"మనుషులు గాళ్ళే గదమ్మా."

ఇదే నాకు విసుగు. అబద్ధం ఆడేవాళ్ళతో వేగడం తెలుసు నాకు, ముప్పై ఒక్క సంవత్సరాలు వేగాను. ఇది అబద్ధం కాదు. ఈ చుట్టుపక్కల ఒక మనిషిని "రాలేదు" అనడమంటే ఆ మనిషి మీద చాడీ చెప్పడమే. తోటిదాని పేరు ఖాళీగా ఉంటే సొంత మనిషి ఆ ఖాళీని పూడుస్తుంది. పెళ్ళికి కట్నం చదివించేటప్పుడు రాలేనివాళ్ళ పేరు కూడా చదివించి వస్తారే, అట్లా. కిందటేడు ముస్తాబాద్ ఆమె తండ్రి పోయినప్పుడు ఈమె ఆమె సంతకం పెట్టిందట. అప్పుడు కూడా నేను తలలు లెక్కపెట్టి అడిగానని, ఎవరో బాత్రూముకు పోయారన్నారని నాకు గుర్తుంది.

సరే, ఇంటికొకరు అనే లెక్కే పెట్టుకుందాం అన్నాను. ఇంటి తరఫున పంచాయితీకి పోయినవాడు అక్కడ ఊరికే కూర్చుంటాడా? ఇంటి మాట చెప్పి వస్తాడా? నువ్వు ఆమె తరఫున వచ్చినప్పుడు, ఏడున్నర అనగానే ఆమెకు బస్సు లేదని ఎందుకు చెప్పలేదు?

ముస్తాబాద్ ఆమె ఎదుటి ప్లాట్‌ఫారం వైపు చూస్తూ చెప్పింది. అందరూ చల్లటి వేళలో పని అని సంతోషపడుతుంటే తానొక్కతే నడుమ అడ్డం పడటం ఎట్లా అనుకుందట. బస్సు సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకుందట. తర్వాత ఆ విషయమే మరిచిపోయిందట. తనకు ముస్తాబాద్ నుంచి తెల్లవారుజామునుంచీ సిరిసిల్ల ఆటోలున్నాయి.

"నీకు ఆటో ఉన్నది, అందుకని యాది రాలే" అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను.

వీర్నపల్లి ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఏమనకుండ్రి అమ్మా. నేను రాలేదని చెప్తె గీమెను కమిటీల నుంచి తీసేస్తరు. నా కోసం పెట్టిన సంతకం. మిషను పోతె పాయె."

దొంగ సంతకం పెట్టినవాళ్ళను కమిటీ నుంచి తొలగించాలన్నది ఇంకొక నియమం. ఆ సంఘంలో నియమాలకు కొదవ లేదు. అవన్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళే లేరు.

బస్సు వచ్చింది. ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు. ఒకరు ఆ కిటికీ, ఒకరు ఈ నడవా చూస్తూ కూర్చున్నారు.

ఆ సాయంత్రమే అధ్యక్షురాలి ఇంటికి వెళ్ళాను. ఆమె నాకు రోజూ సాయంత్రం ఇచ్చినట్టే టీ ఇచ్చి, అంతా విని, ఇప్పుడు రాసినదాన్ని కొట్టేస్తే సంఘం పరువేం కావాలన్నది. కొట్టేయమని నేనెన్నడూ అనలేదు. ఆమోదం పొందిన మినిట్స్‌లో ఒక అక్షరం కూడా ముట్టుకోకూడదు. తప్పు జరిగితే తర్వాతి సమావేశంలో ఫలానాది తప్పు అని కొత్తగా రాస్తారు. పాతదీ ఉంటుంది, కొత్తదీ ఉంటుంది, చదివేవాళ్ళకు రెండూ కనబడతాయి. ఇది చెప్పడానికి నాకు అరగంట పట్టింది. చివరికి ఆమె, "అందరం ఒక్కటే గదమ్మా, గీ లొల్లి మనకెందుకు" అన్నది. జూన్ ఎజెండాలో "ఏప్రిల్ హాజరు సవరణ" అనే అంశం పెట్టనని ఖరాఖండిగా చెప్పింది. ఆ హక్కు ఆమెదే. నేను వాదించలేదు.

మరునాడు మేనేజరుకు ఫోను చేసి, ఏప్రిల్ రికార్డింగు వినమన్నాను. ఇన్నాళ్ళకు దానికి ఒక పని దొరికింది. విన్నాడు, పాపం. హాజరు అడిగిన చోట ఏముందంటే, "అచ్చినం" అని ఇరవై గొంతులు, దాని మీద ఫ్యాను చప్పుడు. ఎవరున్నారో, ఎవరు లేరో దేవుడు కూడా చెప్పలేడు.

ఎజెండా చివర ఎప్పుడూ ఒక వరస ఉంటుంది: "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు." అది ప్రతి నెలా ఉంటుంది, ఎవరూ వాడరు, ఆ సమయానికి అందరూ చెప్పులు వెతుక్కుంటుంటారు. జూన్ కాగితాలు మూడు కేంద్రాలకూ పంపేటప్పుడు ముస్తాబాద్ ఆమెకు ఫోను చేసి, ఆ వరస కింద ఏ సభ్యురాలైనా లేచి మాట్లాడవచ్చని చెప్పాను. ఏం మాట్లాడాలో చెప్పలేదు. సరే అమ్మా అని పెట్టేసింది. వస్తుందో రాదో, లేస్తుందో లేవదో నాకు తెలియదు.

జూన్ సమావేశం సిరిసిల్లలో, ఆ రేకుల షెడ్డులోనే. బయట మరమగ్గాల చప్పుడు, లోపల కట్టలు కట్టలుగా తెల్ల చొక్కాలు. బడులు తెరిచే వారం. అందరికీ తొందర. కాజా మిషను మీద కొత్తామె కూర్చుని ఉంది. సమావేశం జరుగుతున్నా మిషను ఆపలేదు. వీర్నపల్లి ఆమె గోడవారన, చేతిలో చిన్న కత్తెర అలాగే పట్టుకుని కూర్చుంది.

ఎండలు తగ్గాయా అన్న చర్చ పావుగంట నడిచింది. ఒంటికి తెలుస్తుందన్నామె, తన ఒంటికి ఇంకా తెలియలేదన్నది. అది దాటి, అన్నీ అయ్యి, అధ్యక్షురాలు లేవబోతుండగా, "ఇతర విషయాలు" అని చదివాను. ఆగాను. కొందరప్పటికే లేచి నిలబడ్డారు.

ముస్తాబాద్ ఆమె లేచింది.

"ఏప్రిల్ల కోరుట్ల మీటింగుకు గీమె రాలె. సంతకం నేను పెట్టిన. ఆమె తరపున నేనచ్చిన అనుకున్న. అచ్చినదాన్ని ఆమె మాట చెప్పాలె గద. చెప్పలె. నాకు ఆటో ఉన్నది, నేను సల్లగ పోయి సల్లగ అస్తున్న. ఆమె దారాలు కత్తిరిస్తున్నది. గిది రాయుండ్రి."

మిషను ఆగింది. వీర్నపల్లి ఆమె, "దానిదేం తప్పు లేదు, నేనే పెట్టుమన్న" అని లేచింది. అది అబద్ధం. పెట్టమని ఈమె అడగలేదని బస్టాండులో ఇద్దరూ చెప్పారు. రెండూ రాశాను. ఎవరు ఏమన్నారో అదే రాశాను.

"గది రాయకమ్మా" అన్నది అధ్యక్షురాలు.

"రాసిన" అన్నాను.

మేనేజరు నియమం చదివాడు. దొంగ సంతకం, తొలగింపు. అప్పుడు జగిత్యాల నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె, కూర్చున్నచోటునుంచి కదలకుండా, "గట్లయితె ఎవలు ఎవలకు పెట్టిండ్రో అందరి పేర్లు తియ్యుండ్రి సారూ. కుర్చీలు మిగుల్తయి, మనుషులు మిగలరు" అన్నది. నవ్వుదామనుకున్నవాళ్ళు కూడా నవ్వలేదు. మూడేళ్ళుగా నా తలల లెక్కలు ఎందుకు కుదరలేదో ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను. బాత్రూముకు పోయినవాళ్ళు, కిందికి పోయినవాళ్ళు, ఫోను మాట్లాడటానికి పోయినవాళ్ళు, అందరూ ఇళ్ళల్లో ఉన్నారన్నమాట.

అధ్యక్షురాలు దీన్ని ఇక్కడితో వదిలేద్దామన్నది. చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. ముస్తాబాద్ ఆమె మాత్రం, మీ సంగతి మీ ఇష్టం, నా పేరు మాత్రం తీసేయండి అన్నది. తీయకపోతే ఈ మాట ఉత్తిగా చెప్పినట్టు అవుతుందన్నది. తీశారు.

పనివేళల తీర్మానానికి ఒకరి ఒప్పుకోలు లేదు గనుక అది చెల్లలేదని తేలింది. జూలై ఒకటి నుంచి మళ్ళీ తొమ్మిదిన్నర. ఈసారి తారీఖు అడగకుండానే వచ్చింది. ఇక మీదట హాజరు పేరు పేరునా పిలవాలని, ఎవరి జవాబు వాళ్ళే చెప్పాలని కూడా రాశాం. కాజా మిషను విషయం వచ్చేసరికి మేనేజరు, బడులు తెరిచే వారంలో చెయ్యి మార్చలేము, తర్వాత చూద్దాం అన్నాడు. తర్వాత అంటే ఏ తారీఖు అని అడిగాను. జూలై సమావేశం అన్నాడు.

జూలై సమావేశం మళ్ళీ కోరుట్లలో, అదే హాల్లో. మొదటిసారి పేర్లు పిలిచాను. ఇరవై రెండు పేర్లకు పంతొమ్మిది జవాబులు వచ్చాయి. మూడు పేర్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. ఆ మూడుసార్లూ హాల్లో అందరూ నా వైపు ఏదో చావు కబురు చదువుతున్నట్టు చూశారు.

మిషను అంశం చదివాను. కొత్తామెకు రెండు నెలల్లో చెయ్యి కుదిరిందని, రోజుకు చొక్కాలు ఎక్కువే దిగుతున్నాయని, ఇప్పుడు మళ్ళీ మార్చడం ఆమెకు అన్యాయమని మేనేజరు చెప్పాడు. చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. మిషను ఎవరికివ్వాలన్నదానికి అందరూ ఒప్పుకోవాలన్న నియమం లేదు, ఎక్కువమంది చాలు. చేతులెత్తమన్నారు. ఎత్తారు. జాలి పడుతూనే ఎత్తారు.

ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అలవాటు ప్రకారం అడిగాను.

వీర్నపల్లి ఆమె లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "నాకున్నది" అన్నది. కూర్చుంది.

అధ్యక్షురాలు నా వైపు వంగి, మిషను ఎట్లాగూ పోయింది కదా, ఏకగ్రీవం అని రాస్తే బాగుంటుంది, చూసేవాళ్ళకు సంఘంలో గొడవలున్నట్టు ఉండదు అని నెమ్మదిగా చెప్పింది. "ఒకరి అభ్యంతరంతో, మెజారిటీ ప్రకారం ఆమోదించడమైనది" అని రాసి, అభ్యంతరం చెప్పినామె పేరు కూడా పూర్తిగా రాశాను. చదివి వినిపించాను. తన పేరు చదివినప్పుడు ఆమె తలెత్తి విన్నది. తర్వాత ముందుకు వచ్చి తన సంతకం తానే పెట్టింది.

పోయినవి ఇవి. వీర్నపల్లి ఆమెకు, కాజా మిషను. ముస్తాబాద్ ఆమెకు, కమిటీలో చోటు. ఇద్దరూ నెలకొకసారి కలిసి చేసే ప్రయాణం. సంఘానికి, "ఏకగ్రీవంగా" అనే మాట. మూడేళ్ళుగా నేను రాసిన హాజరు లెక్కల్లో ఎన్ని నిజమో ఇక తేల్చలేము గనుక, అవన్నీ. అధ్యక్షురాలు ఇప్పుడు మా ఇంటి ముందునుంచి కాకుండా వెనక గల్లీ నుంచి పోతుంది. అందుకని నాకు, సాయంత్రం టీ.